విద్యుత్తు ఇంజనీర్లకు గుమాస్తాగిరీయా?

నిజామాబాదు జిల్లా పొలములలో ట్రాన్సుఫార్మరు కాలిపోవుట వింత కాదు. కాలినదానిని ట్రాక్టరుపై వేసికొని రైతులే మరమ్మతు కేంద్రమునకు దెచ్చుటయు వింత కాదు. మాకు వింతగా దోచునది వేఱొకటి. నాలుగేండ్లు విద్యుచ్ఛాస్త్రము చదివి, పోటీపరీక్షలో నెగ్గి, అసిస్టెంటు ఇంజనీరై వచ్చిన పట్టభద్రుని “ఇది యేల కాలినది?” అని యడుగువారు అరుదు. “ఎప్పుడు మార్చెదవు?” అనియే యందఱు నడుగుదురు.

మార్చుటకు గడువు కలదు. 2003 నాటి విద్యుచ్చట్టము 57వ సెక్షను ననుసరించి నియంత్రణమండలి సేవాప్రమాణములను నిర్ణయించును. చెడిన ట్రాన్సుఫార్మరును పట్టణములలో 24 గంటలలో, పల్లెలలో 48 గంటలలో మార్చవలెనని నియమము. మంచి నియమమే; దానిని మేము తప్పుపట్టము. నీరందక పసుపును చెఱకును వాడిపోవుచుండగా రైతు ఎన్నాళ్లు వేచియుండగలడు? కాని ఆ గడియారము మార్పునే కొలుచును, కారణమును గొలువదు. నేడు మార్చినది పై నెలలో మరల కాలినను, 48 గంటలలో మరల మార్చినచో లెక్క సరిపోవును!

దోషము రైతుది, అతడు పెట్టిన ఆటోస్టార్టరుది అని కొందఱు ఇంజనీర్లే వాదింతురు. ఈ వాదములో నిజము లేకపోలేదు. కరెంటు పోయి వచ్చినంతనే ఆటోస్టార్టరులున్న మోటార్లన్నియు ఒక్కమాఱుగా కదలును. కదలునప్పుడు మోటారు తన నిండుభారమునకు వలయు కరెంటుకంటె ఐదాఱు రెట్లు లాగును. ట్రాన్సుఫార్మరు దానికి తాళలేదు. అయితే ఆటోస్టార్టరును రైతు వేడుకకు దెచ్చికొనెనా? కరెంటు కొన్ని గంటలే, అదియు అర్ధరాత్రి వచ్చిన కాలమున, చీకటిలో, పాముల భయముతో, తడికాళ్లతో బావికడకు బోయి మీట నొక్కలేక దానిని బెట్టుకొనెను. 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటల సరఫరా ప్రారంభమైనప్పుడు వానిని దీసివేయుడని ప్రభుత్వము కోరినది. కోరుట సులభము. ఏ ట్రాన్సుఫార్మరుపై ఎన్ని మోటార్లున్నవి, మూడు ఫేజులకు భారము సమముగా బంచబడినదా, ఎర్తింగు సరిగా నున్నదా, కెపాసిటర్లు బిగించిరా, ఇవన్నియు చూచి రైతుకు నచ్చజెప్పవలసినవా డెవడు? ఆ ఇంజనీరే. అతడో అంచనాలు వ్రాయుచు, బకాయిల పట్టీలు సరిచూచుచు, ఫోనులకు బదులు చెప్పుచు బల్లకడనే ప్రొద్దు పుచ్చవలసి వచ్చుచున్నది. పఠనాలయమున ఈ పత్రిక చదువు పెద్దలలో ఇంజనీర్ల తండ్రులును గలరు. కుమారుని చదివించినది దీనికేనా యని వారే చెప్పవలెను.

ఇంజనీరునకు కారణము వెదకక తప్పని చోటు ఈ జిల్లాలో ఒకటి యుండెను. 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింద చెఱకు పెరిగెను; 1937లో బోధను శక్కర్‌నగరున నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. చెఱకుపిప్పిని గాల్చి ఆవిరి పుట్టించి, దానితో టర్బైనును ద్రిప్పి, అందుండి వెలువడిన ఆవిరితోనే రసమును గాచుట చక్కెర పరిశ్రమలోని పద్ధతి. అట్టిచోట టర్బైను నిలిచినచో గానుగ నిలుచును, గేటుకడ బండ్లు నిలుచును, నఱికిన చెఱకు ఎండి బరువును తీపిని గోల్పోవును. కారణ మడుగకుండ “మరల నడుపు” మను అధికారి అచ్చట మనలేడు. అట్టి పాఠశాలను 2002లో ప్రైవేటు చేతుల కప్పగించిరి. 2015 డిసెంబరులో లేఆఫు ప్రకటించి మూసిరి. కార్మికుల గోడును పత్రికలు వ్రాసినవి. జిల్లా యువకులు కోల్పోయిన యంత్రవిద్యను ఎవరును లెక్కకట్టలేదు.

పునరుద్ధరణకై 2024లో ప్రభుత్వము కమిటీని నియమించినది. తెఱచునాడు పాత యంత్రములకు రంగు పూసి తెఱువరాదు. అధికపీడనపు బాయిలర్లు నిలిపి, మిగులు విద్యుత్తును గ్రిడ్డునకు బంపి, జిల్లా ఇంజనీరింగు విద్యార్థులకు అచ్చటనే శిక్షణ మియ్యవలెను. అంతవఱకు ఆగనక్కఱలేని పని యొకటి కలదు. కాలిన ప్రతి ట్రాన్సుఫార్మరునకును కారణమును ఇంజనీరు సంతకముతో వ్రాయించి, ఆ పట్టికను పంపిణీ సంస్థ సబ్‌స్టేషను గోడపై నతికింపవలెను. రెండవసారి కాలినచో మొదటి కాగితమును రైతు అడిగి చదువుకొనును. ఇందుకు కొత్త చట్టము వలదు, కొత్త పన్ను వలదు. ఇంజనీరును వారమునకు మూడు దినములు బల్లకడనుండి లేపి పొలమునకు బంపిన చాలును.