వరద తీసిన తరువాత సంఘము పని



గోదావరి నీళ్లు త్రాగి బ్రతికే మనకు వరద క్రొత్త సంగతి కాదు. జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే లంకల్లో ప్రతి ఇంటివారూ అడిగే మాట ఒకటే: "భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది?" అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అక్కడ పెరిగిన నీరు ఒకటి రెండు రోజుల్లో ధవళేశ్వరము చేరుతుంది. 1986 ఆగస్టు 16న భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరదలో ధవళేశ్వరము దాటి సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి పోయింది. 2006 ఆగస్టులో మరొక పెద్ద వరద. 2022 జూలై 16న భద్రాచలము వద్ద 71.3 అడుగులు, ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటింది.

ఏ వరదలోనైనా ముందు మునిగేవి లంకలే. ధవళేశ్వరము దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఏటిగట్లు ఊళ్లను కాస్తాయి గాని లంకలు ఆ గట్లకు లోపల, నది కడుపులోనే ఉన్నాయి. గట్టుకు ఇవతలనున్న మన రామచంద్రపురం వైపు చేలకు బాధ వేరు. నది నిండుగా ఉన్నప్పుడు వాన పట్టిందంటే డ్రెయిన్లలో నీరు క్రిందికి దిగదు. సార్వా ఆకుమళ్లు, ఊడ్చిన చేలు రోజుల తరబడి నీటిలో నాని కుళ్లిపోతాయి.

నీరు వచ్చిన రోజున అందరూ వస్తారు. పడవలు వస్తాయి, పులిహోర పొట్లాలు వస్తాయి, దుప్పట్లు వస్తాయి. అందునుబట్టి దేవునికి స్తోత్రము. కాని ఈ మాసము నేను వ్రాయదలచింది ఆ లారీలు వెళ్లిపోయిన తరువాతి సంగతి. నీరు తీసిన ఇంటి తలుపు తోస్తే లోపల ఒండ్రు. గాదెలో గింజలు ముక్కిపోయాయి. బావినీరు త్రాగటానికి లేదు. గేదెకు గడ్డి లేదు. ట్రంకుపెట్టెలో దాచిన రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, అమ్మాయి పదవ తరగతి సర్టిఫికెట్టు ఒకే ముద్దగా ఉన్నాయి. అప్పిచ్చినవాడు మాత్రము నెల తిరిగేసరికి గుమ్మములో ఉంటాడు. సంఘము పని అప్పుడు మొదలవుతుంది. ఆ పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటి మాట: ఇది ఎవరి పాపఫలమని అడుగకూడదు. సిలోయములో గోపురము కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయములో ఉంది. వారు ఇతరులకంటె ఎక్కువ పాపులనే తలంపును ప్రభువే త్రోసివేశాడు. మునిగిన ఇంటిముందు నిలబడి, "మీరు ఆరాధన మానారు గనుక ఇలా జరిగింది" అనే మాట మన నోట రాకూడదు. యోబు స్నేహితులను చూడండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు వారు అతనితో నేలమీద ఊరక కూర్చున్నారు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పటము మొదలుపెట్టిన తరువాతనే వారు అతనికి భారమయ్యారు. మనము పార పట్టుకొని ఒండ్రు తీస్తూ మౌనముగా ఉన్నా, అదికూడ ఒక ప్రసంగమే.

రెండవ మాట: మనవారికా, అందరికా? ప్రతి వరద తరువాత సంఘపెద్దల కూటములో వచ్చే ప్రశ్న ఇది. విశ్వాసగృహమునకు చేరినవారికి విశేషముగా మేలు చేయాలని గలతీ 6:10 చెబుతుంది గదా అని కొందరంటారు. నిజమే. కాని అదే వచనములో అందరికి మేలు చేయాలన్న మాట ముందు ఉన్నది. రెండింటినీ కలిపి చదవాలి. మన సంఘస్థుల బాగోగులు చూడటము మనకు సంవత్సరము పొడవునా ఉన్న బాధ్యత. వరదనాడు మాత్రము ఒకే నీరు అన్ని ఇళ్లలోను దూరింది. మన పేటలు అనేక గ్రామాలలో పల్లములోనే ఉన్నాయి. సాయము ఊరంతా తిరిగి చివరకు పేటకు చేరిన రోజులను మన పెద్దవారు చెబుతుంటారు. చివర నిలబడటము ఎలాగుంటుందో ఎరిగినవారము గనుక మన పట్టికలో ఏ కులమువారూ, ఏ మతమువారూ చివరకు పోకూడదు.

ఇంకొక సంగతి. బియ్యపు సంచి ఇచ్చి, ఆదివారము గుడికి రమ్మని మాట తీసికొనకూడదు. లూకా 17వ అధ్యాయములో ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేశాడు. తిరిగి వచ్చి స్తుతించినవాడు ఒక్కడే, వాడును సమరయుడు. మిగిలిన తొమ్మిదిమంది ఎక్కడని ప్రభువు అడిగాడు గాని వారికిచ్చిన స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. మన ఊరికి ఈ పాఠము క్రొత్తది కాదు. కెనడా బాప్టిస్టు మిషనెరీయైన మిస్ హాచ్ అమ్మగారు, సొంతవారే ఇంటినుండి పంపివేసే కుష్ఠరోగులకు రామచంద్రపురంలో ఆశ్రమము నెలకొల్పారు. మేలుకు వెల కడితే అది వ్యాపారము అవుతుంది, సువార్త కాదు.

మూడవ మాట: పట్టిక, లెక్క. యెరూషలేము సంఘము తొలిరోజులలోనే అనుదిన పంపకములో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రను చిన్నచూపు చూశారనే సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును గద్దించలేదు. ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లు చదివితే అన్నీ గ్రీకు పేర్లే. అంటే, ఎవరికి అన్యాయము జరిగిందో వారి వైపువారి చేతికే పంపకమును అప్పగించారన్నమాట. మనము కూడ పట్టిక వ్రాసే కమిటీలో పెద్దలను మాత్రమే కాక ఒక విధవరాలిని, ఒక కౌలురైతును, ఒక కూలి కుటుంబము వారిని కూర్చోబెట్టాలి. ఎవరింట పొయ్యి వెలగలేదో వారికి తెలిసినంతగా మనకు తెలియదు.

పౌలు యెరూషలేము పేదలకొరకు చందా పంపినప్పుడు ఒక్కరి చేతికి ఇవ్వలేదు. తీతుతోపాటు సంఘములు ఏర్పరచిన సహోదరుని పంపాడు. ఎవరూ నిందింపకుండునట్లు ఈ జాగ్రత్త అని 2 కొరింథీ 8వ అధ్యాయములో వ్రాశాడు. అపొస్తలునికే ఆ జాగ్రత్త అవసరమైతే మనకెంత అవసరము! వచ్చినదెంత, ఇచ్చినదెంత అని ఆదివారము చదివి, కాగితము గుడి తలుపుకు అంటించండి. పుచ్చుకొన్నవారి పేర్లు మాత్రము అందులో వద్దు, ఫొటోలు అసలే వద్దు. నిన్నటిదాకా పదిమందికి అన్నము పెట్టిన తల్లి ఈ రోజు సంచి పట్టుకొని నిలబడింది. ఆమె బిడ్డ రేపు ఆ ఫొటో చూస్తాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, తాకట్టు తీసికొనేవాడు బీదవాని ఇంటిలోనికి చొరబడక బయట నిలువవలెనని దేవుడు ఆజ్ఞాపించాడు. అప్పిచ్చినవానికే ఆ హద్దు ఉంటే, సాయమిచ్చేవానికి ఉండదా?

నాలుగవ మాట: నెలల లెక్కన సాయము. మంచి సమరయుడు గాయములు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, తిరిగివచ్చినప్పుడు మిగతాది తీరుస్తానన్నాడు. తిరిగి రావటము సాయములో సగము. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది చనిపోయారు. తరువాత మన సంఘముల ఉమ్మడి సేవాసంస్థయైన కాసా అన్నవస్త్రములతో ఆగక, కోస్తాలో తుపాను రక్షణ భవనములు కట్టించింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చింది. నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావటానికి అయిదారేళ్లు పడుతుంది. మన సాయము ఆరు వారాలకే ఆగితే ఆ ఇంటివారు ఏమి తిని ఆ చెట్టుకొరకు కనిపెట్టాలి?

కాబట్టి పనిని ఇలా పంచుకోవచ్చును. మొదటి వారము యౌవనస్థులు జట్లుగా పోయి ఒండ్రు తీయాలి. ముసలివారి ఇళ్లు, మగదిక్కు లేని ఇళ్లు ముందు. పాములుంటాయి గనుక చీకట్లో చేయి పెట్టకూడదు. బావులలో బ్లీచింగు వేయించి, కొన్నాళ్లు నీరు కాచి త్రాగమని ఇంటింటికీ చెప్పాలి. రెండవ వారము చదువుకున్న పిల్లలు గుడి వరండాలో బల్ల వేసుకొని, తడిసిన కార్డులకు, సర్టిఫికెట్లకు అర్జీలు వ్రాసిపెట్టాలి. కూలి మానుకొని ఆఫీసుల చుట్టూ తిరగలేనివారికి అది బియ్యముకంటె మేలు.

కౌలురైతును ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకోండి. చేను మునిగింది అతనిది, కాని పాసుపుస్తకము భూమిగలవారిది. 2019లో మన రాష్ట్రములో వచ్చిన చట్టము సాగుదారునికి హక్కుపత్రము పొందే వీలు కల్పించినా, దానికి భూయజమాని సమ్మతి కావాలని పెట్టింది. ఆ సంతకము దొరకక నష్టపరిహారమునకు దూరమైనవారు మన బల్లలమీదనే కూర్చుంటున్నారు. మన సంఘాలలో భూమిగలవారు కూడ ఉన్నారు. అయ్యలారా, కానుకపెట్టెలో వేసే నోటుకంటె మీ సంతకము ఒక్కోసారి పెద్ద కానుక. ఆ సంవత్సరము మక్తా తగ్గించటము ఇంకా పెద్ద కానుక.

ఇవన్నీ చేయటానికి డబ్బెక్కడిది అంటారేమో. మన తల్లులు అన్నము వండే ముందు గుప్పెడు బియ్యము తీసి వేరే కుండలో వేసి గుడికి తెచ్చే అలవాటు మనకున్నది. చాలాచోట్ల ఆ కుండ ఖాళీ అయింది. దానిని మరల నింపుదాము. వరద లేని నెలలలో నింపిన కుండే వరదనాడు ఊరికి అక్కరకు వస్తుంది. అలాగే కోతపండుగ కానుకలలో కొంత విత్తనముగా దాచి ఉంచితే, ఆకుమడి పోయినవారు వడ్డీకి పోకుండ మరల నారు పోసుకుంటారు. మాసిదోనియ సంఘములు తమ నిరుపేదతనములోనుండే ఇచ్చాయి. ఇవ్వటానికి ధనము రావాలని అవి కనిపెట్టలేదు.

నోవహు ఓడ దిగినప్పుడు మొదట బలిపీఠము కట్టాడు. తరువాత వ్యవసాయము మొదలుపెట్టాడు. ఆరాధన, నాగలి రెండూ ఆ తడినేలమీదనే మొదలయ్యాయి. వచ్చే వరద ఏ సంవత్సరమో మనకు తెలియదు గాని వస్తుందని తెలుసు. ఈ నెల స్త్రీల సమాజపు కూటములో ఆ కుండను గూర్చి మాట్లాడుకోండి. సంఘకమిటీలో పట్టిక ఎవరు వ్రాయాలో ఇప్పుడే నిర్ణయించుకోండి. గట్టుకు లోపలనున్న మన సహోదరులను కుటుంబ ప్రార్థనలో పేరుపేరున జ్ఞాపకము చేసికొనండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇళ్లను, మీ చేలను, మీ పశువులను కాపాడును గాక. ఆమేన్.