తండా పిల్లోడికి నాలుక ఉండకూడదా?



మిత్రులారా, పోస్టు పెద్దదే. అయినా చివరిదాకా చదివి, ఆ తర్వాతే కామెంట్ పెట్టండి. చదవకుండా కామెంట్ పెట్టడం వల్లనే ఈ పోస్టు రాయాల్సి వచ్చింది.

గత వారం మన గ్రూపులో ఒక అన్న కొన్ని ఫోటోలు పెట్టినాడు. అనంతపురం జిల్లా తండాలో పుట్టి, వానల్లేక శెనక్కాయ ఎండిపోయిన ఏళ్లలో చదువుకుని, ఇక్కడే స్పానిష్ నేర్చుకుని స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తున్న అన్న. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్డీటీ మొదలుపెట్టినప్పటి నుంచి మన జిల్లాకు స్పెయిన్ కొత్త కాదు. మన పిల్లలు స్పానిష్ మాట్లాడటం కూడా ఇప్పుడు వింత కాదు. వింతయింది ఒకటే: అన్నను వాళ్ల కంపెనీ వాళ్లు కతలూన్యాలో ఒక పెద్ద రెస్టారెంటుకు తీసుకుపోయినారు. అక్కడ మనం ఇది కావాలి, అది కావాలి అని చెప్పేది ఉండదు. వంటాయన ఏది పంపితే అది, ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కో ముద్దంత. ఇరవై రెండు ప్లేట్లు, మూడున్నర గంటలు. మనిషికి రెండొందల యూరోల పైనే.

దాని కింద కామెంట్లు చూసినాం. ఒక జట్టేమో "ఆ డబ్బుతో తండాలో బోరు వేయొచ్చు", "జాతిని మర్చిపోయినావ్" అని. ఇంకో జట్టేమో "సూపర్ అన్నా, సంగటి ముద్ద నుంచి బయటపడినావ్" అని. అడ్మిన్లుగా మేం చెప్పేది ఒకటే. ఈ రెండు జట్లూ తప్పే. రెండో జట్టుది ఇంకా పెద్ద తప్పు.

ముందు బోరు సంగతి. బిల్లు కట్టింది కంపెనీ. అన్నే కట్టినా, ఇరవై పాతిక వేలకు మన నేలలో బోరు పడుతుందా? ఎన్ని వందల అడుగులు దింపినా దుమ్ము లేచే ఊర్లు మనవి. సరే, లెక్క పక్కన పెడదాం. ఊర్లో ఆసామి కొడుకు పెళ్లికి ముప్పై రకాలు వడ్డిస్తే "దీంతో బోరు వేయొచ్చు కదా" అని మనలో ఎవరైనా అడిగినామా? వరసలో నిలబడి తిని, ఐస్‌క్రీమ్ బాగుందని చెప్పి వచ్చినాం. మన పిల్లోడు ఒక్కపూట రుచి చూస్తే మాత్రం లెక్కల పుస్తకం బయటికొస్తుంది. పేదోడికి కడుపు ఉంటే చాలు, నాలుక ఎందుకు అనే మాట పైవాళ్లది. దాన్ని మన నోటితో మనమే అంటున్నాం.

మన తాతలు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగినోళ్లు. రాజుల సైన్యాలకు తిండి మోసినోళ్లు. ఎరుకల అన్నదమ్ముల పెద్దలు గాడిదల మీద ఉప్పు, కరివేపాకు ఊరూరా చేర్చినోళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు తెల్లదొరల గుప్పిట్లోకి పోయి మన బతుకుదెరువు పోతే, 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి దొంగలని రాసినారు. ఊరి కూరకు ఉప్పు తెచ్చిపెట్టిన జాతికి రుచి గురించి మాట్లాడే హక్కు లేదంటే ఎట్లా?

ఇప్పుడు రెండో జట్టు. సంగటి నుంచి "బయటపడటం" అట!

అన్న పెట్టిన ఫోటోల్లో ఒక నల్లటి ముక్క ఉంది, చూసినారా? బొతిఫర్రా నెగ్రా. పంది రక్తంతో చేసే సాసేజ్. పల్లెల్లో పందిని కోసినప్పుడు ఏదీ పారేయకుండా చేసుకునే పేదల వంట. అన్న మాకు ఫోన్‌లో చెప్పిన మాట: "నోట్లో పెట్టుకోగానే యాడి చేసే సళోయి గుర్తొచ్చి గొంతు పట్టేసింది." వెండి చెంచాతో వడ్డించిన ఆ ముక్క ముందు కూర్చున్నప్పుడు అన్నకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. చిన్నప్పుడు హాస్టల్లో "మీరు రక్తం తింటారంట కదా" అని తోటి పిల్లలు నవ్వితే, "మేం తినం" అని అబద్ధం చెప్పినాడట. మనలో ఎంతమంది ఆ అబద్ధం చెప్పలేదు? చెయ్యెత్తండి చూద్దాం.

స్పెయిన్ వంటవాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. హిరోనా ఊర్లో రోకా అన్నదమ్ములు ముగ్గురున్నారు. వాళ్ల అమ్మానాన్నలు 1967లో ఊరి చివర పనివాళ్లు ఉండే పేటలో ఒక మామూలు హోటల్ పెట్టినారు. దాని పక్కనే 1986లో కొడుకులు తమ రెస్టారెంటు తెరిచినారు. 2013లో, మళ్లీ 2015లో ప్రపంచ నంబర్ వన్ అని దాన్నే ఎంపిక చేసినారు. అంత పేరు వచ్చినాక కూడా ఆ వంటగది సిబ్బంది మధ్యాహ్నం నడిచిపోయి అమ్మ హోటల్లోనే తినేవాళ్లు. అమ్మ వంటను దాచిపెట్టి పైకి రాలేదు వాళ్లు, దాని మీదే నిలబడి పైకొచ్చినారు.

గాస్పాచో కూడా అంతే. ఎండలో పొలం పనిచేసే కూలీలు ఎండు రొట్టె, వెల్లుల్లి, నూనె, నీళ్లు కలిపి దంచుకుని తాగినది. మన అంబలికి చుట్టమే. ఈరోజు అది ఖరీదైన గాజు గ్లాసులో వస్తుంది. మన అంబలి మాత్రం చుట్టాలొస్తే గుడిసె వెనక్కి పోతుంది.

అట్లని స్పెయిన్ వంటగదులకు దండం పెట్టమని మేం అనడం లేదు. ఎల్ బుల్లి అనే రెస్టారెంటు ప్రపంచాన్ని ఊపేసింది. ఆలివ్ రసాన్ని సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ నీళ్లలో వేసి, పలచటి పొర కట్టించి, మళ్లీ ఆలివ్ కాయలాగే కనిపించేట్టు చేసినారు. కొరికితే రసమే. గొప్ప తెలివి. కానీ అదే వంటగదిలో జీతం లేకుండా నెలల తరబడి పనిచేసిన కుర్రాళ్లు డజన్ల మంది ఉన్నారు. 2011లో అది మూతపడినా వంటాయన పేరు ప్రపంచానికి తెలుసు, ఆ కుర్రాళ్ల పేర్లు తెలియవు. చాకిరీ ఒకరిది, పేరు ఒకరిది అనేది మనకు కొత్త కథ కాదు.

దీనికంటే పాత కథ ఇంకోటి ఉంది. ఆ ప్లేట్లలో టమాట ఉంది, మిరప ఉంది, చాక్లెట్ ఉంది. ఇవేవీ స్పెయిన్‌వి కావు. 1492 తర్వాత ఓడల్లో అమెరికా ఆదివాసుల పొలాల నుంచి వచ్చినవి. మన శెనక్కాయ కూడా అక్కడిదే, దక్షిణ అమెరికా ఆదివాసులు మచ్చిక చేసిన పంట. స్పెయిన్‌లో శెనక్కాయను కకవెతె అంటారు. అది మెక్సికో ఆదివాసుల నావాత్ల్ భాష మాట, "భూమిలో కాసే కాకావ్" అనే అర్థం నుంచి వచ్చింది. అనంతపురం జిల్లా మొత్తం ఏ గింజ మీద బతికి, ఏ గింజ మీద అప్పులపాలైందో, ఆ గింజ ఆదివాసుల చేతిది. పంట మిగిలింది, మాట మిగిలింది. పెంచినోళ్లకు మిగిలింది ఏంటి? నేలలు పోయినాయి, లక్షల ప్రాణాలు పోయినాయి.

కాబట్టి మా భయం అన్న ఇరవై రెండు ప్లేట్లు తిన్నాడని కాదు. రేపు మన తిండే ఆ ప్లేట్లలోకి ఎక్కుతుంది, అప్పుడు మన పేరు ఉంటుందా లేదా అని. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరిపినారు. బెంగళూరు హోటళ్లలో కొర్రలు, సామలు ఫ్యాషన్ అయినాయి. మన దగ్గరేమో శెనక్కాయ వచ్చి కొర్ర చేను పోయింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆకలి తీర్చింది, దాన్ని మేం తక్కువ చేయం. కానీ దాంతోపాటే జొన్నరొట్టి, కొర్రన్నం "లేనోళ్ల తిండి" అయిపోయినాయి. మనం సిగ్గుపడి వదిలేసినదాన్ని ఇంకొకరు గర్వంగా అమ్ముకుంటున్నారు. మనం మాత్రం స్టోరు బియ్యం క్యూలో నిలబడి షుగర్ మాత్రలు మింగుతున్నాం.

వేరే దారి లేదా అంటే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. రైతులే సభ్యులైన ధరణి సహకార సంఘం కొర్రలు, సామలు కొని, శుభ్రం చేసి, పట్నానికి అమ్ముతోంది. పండించినోడే యజమాని అయితే పేరూ పైసా రెండూ ఊర్లోనే ఉంటాయి.

అందుకే గ్రూపు తరఫున మూడు మాటలు.

ఒకటి. హాస్టళ్ల మెనూలో వారానికి కొన్ని పూటలైనా సంగటి, జొన్నరొట్టి, కొర్రన్నం పెట్టాలని ప్రతి హాస్టల్ కమిటీ అర్జీ రాయాలి. నమూనా అర్జీ మేం తయారు చేస్తాం.

రెండు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ నాయనమ్మ దగ్గర కూర్చుని ఒక్క వంట రాసుకోండి. బాటి, సళోయి, భోగ్‌కు చేసే తీపి, ఎరుకల ఇంటి కూర, యానాది ఇంటి చేపల పులుసు, ఏదైనా సరే. గోర్ బోలిలో దాని పేరు, ఆకు పేరు తెలుగు అక్షరాల్లోనే రాయండి. మన భాషకు లిపి లేదని సాకు చెప్పొద్దు. కింద చెప్పినామె పేరు తప్పకుండా రాయండి. పేరు పోయిందంటే శెనక్కాయ కథే మనదీ అవుతుంది.

మూడు. అన్నకు క్షమాపణ చెప్పండి. "జాతిని మర్చిపోయినావ్" అన్నోళ్లు ముందు చెప్పండి. ఆ టేబుల్ దగ్గర కూర్చుని యాడిని తలుచుకున్నోడు జాతిని మర్చిపోయినోడు కాదు. ఆదివారం మటన్ తెచ్చి, రక్తం పారబోసి, చికెన్ మంచూరియా ఆర్డర్ పెట్టుకునే మనం ఎవరం మరి?

అన్న వచ్చే ఫిబ్రవరి 15కి సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గర సేవాగఢ్ వస్తానన్నాడు. అక్కడ భోగ్ అయినాక అందరం కింద కూర్చుని ఒకే వరసలో తిందాం. మనల్ని చూసి నవ్వేవాళ్లుంటే వాళ్లకూ ఒక ఆకు వేద్దాం.

జై సేవాలాల్! జై ఏకలవ్య! జై భీమ్!