పనికై ప్రయాణాలు – లెక్కలకు అందని ముదిగుబ్బ

ముదిగుబ్బ: ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే గల అనంతపురం కరవు పీఠభూమిలో ఉపాధి సమస్య ప్రయాణ సమస్యతో ముడిపడి ఉన్నది. అనంతపురం–కదిరి రహదారిపైన, ధర్మవరం–పాకాల రైలు మార్గంలోను ఉన్న ముదిగుబ్బ ప్రాంతం నుండి ఎవరు, ఎక్కడికి, ఏ నెలలో పనికి వెళుతున్నారో అంచనా వేయగలిగితేనే బస్సుల వేళలు ప్రజావసరాలకు అనుగుణంగా ఉంటాయి.

ఇందుకు నిపుణులు ప్రధానంగా రెండు పద్ధతులను అనుసరిస్తున్నారు. గురుత్వ నమూనా ప్రకారం జనాభా, ఉద్యోగాలు పెరిగినకొద్దీ రాకపోకలు పెరుగుతాయి. దూరం పెరిగినకొద్దీ తగ్గుతాయి. 2012లో వెలువడిన రేడియేషన్ నమూనా దూరానికి బదులు మధ్యలో లభించే అవకాశాలను పరిగణిస్తుంది. దారిలో పనులు కరవైన చోట మనిషి మరింత దూరం వెళ్ళవలసి వస్తుందన్న ఈ సూత్రం మెట్ట ప్రాంతాలకు చక్కగా వర్తిస్తుంది. అయితే బెంగళూరుకు సాగే వలసలను రోజువారీ ప్రయాణాలతో కలిపి లెక్కించరాదు.

అసలు చిక్కు గణాంకాలలో ఉన్నది. 2011 జనాభా లెక్కలలో పనిచేసే చోటికి గల దూరం, ప్రయాణ సాధనం వివరాలను సేకరించారు. కానీ రైతులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమలలో పనిచేసేవారు ఆ పట్టికలలో లేరు. పొలం పనులే ఆధారమైన ఈ ప్రాంతంలో అత్యధికుల ప్రయాణాలు లెక్కకు రాలేదన్నమాట. పైగా ఆ తరువాత పరిస్థితులెన్నో మారాయి. పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. 2022 ఏప్రిల్ 4న ముదిగుబ్బ మండలం పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం 5 కిలోమీటర్లలోపు పని చూపాలని, అంతకు మించితే 10 శాతం అదనపు వేతనం చెల్లించాలని నిర్దేశించింది. దూరం కూలీకి భారమేనని చట్టమే గుర్తించిందనడానికి ఇది నిదర్శనం.

2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం మహిళలకు బస్సు చార్జీల భారాన్ని తొలగించింది. ఆ టిక్కెట్ల సమాచారం అంచనాలకు విలువైన ఆధారం కాగలదు. అయితే టిక్కెట్లు బస్సు ఎక్కినవారినే చూపుతాయి. బస్సు లేని పల్లె నుండి టిక్కెట్టు ఉండదు; టిక్కెట్టు లేనందున అవసరం లేదని నమూనా తేల్చితే ఆ పల్లెకు ఎన్నటికీ బస్సు రాదు. కావున గ్రామాలలో నేరుగా విచారించి, వేరుశనగ విత్తే జూన్–జూలై నెలలకు, కోతల అనంతర కాలానికి వేర్వేరు అంచనాలు రూపొందించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.