బాడుగ ఇంటికి కాగితమే కాపలా

దేశనూరులో ఇల్లు బాడుగకు దొరకడం పెద్ద పనేం కాదు. 'ఖాళీ ఉందా?' 'ఉంది.' 'ఎంత?' 'రెండున్నర వేలు, అడ్వాన్సు ఐదు వేలు.' అంతే, సాయంత్రానికి సామాన్లు దిగుతాయి. రాతకోతలుండవు, సాక్షులుండరు, రసీదు మాట అసలే ఉండదు. సిరుగుప్ప రైసు మిల్లుల్లో పనికి వెళ్లేవాళ్లకూ, బడి పంతుళ్లకూ, చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకుని వచ్చినవాళ్లకూ ఇళ్లు ఇచ్చే తీరు ఇదే. నడిచినన్నాళ్లు బాగానే నడుస్తుంది. పేచీ వచ్చిన రోజున మాత్రం ఇంటాయన చేతిలో చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు.

కాగితం ఎందుకు రాసుకోరంటే బద్ధకం ఒక్కటే కారణం కాదు. భయం కూడా ఉంది. 'రాసిస్తే వాడికి హక్కు వచ్చేస్తుంది', 'పన్నెండేళ్లుంటే ఇల్లు వాడిదే' అనే మాటలు ప్రతి అరుగు మీదా వినిపిస్తాయి. ఈ భయంతోనే సక్రమంగా బాడుగ కట్టే కుటుంబాన్ని కూడా నాలుగేళ్లకోసారి ఖాళీ చేయించేవాళ్లున్నారు. నిజానికి ఇది తలకిందుల భయం. 1963 కాలపరిమితి చట్టంలోని పన్నెండేళ్ల లెక్క, యజమాని హక్కును కాదని, అందరికీ తెలిసేలా స్థలాన్ని తన సొంతంగా అనుభవించినవాడి గురించి చెప్పింది. బాడుగకు దిగినవాడి సంగతి వేరు. తనకు ఇల్లు ఇచ్చిన యజమానికి ఆ ఇంటి మీద హక్కే లేదని, బాడుగకు ఉంటూ వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పదు. 1872 చట్టంలో ఉన్న ఈ నిబంధన, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ కొనసాగింది. అయితే ఆయన బాడుగకే దిగాడని రుజువు కావాలి కదా. ఆ రుజువే కరారు పత్రం, నెలనెలా రసీదు. కాగితం రాస్తే ఇల్లు పోదు. రాయకపోతేనే చిక్కు.

అసలు చిక్కుల్లో పడేది 'మనవాడే కదా, ఊరికే ఉండనీలే' అని పాత ఇల్లు అప్పగించినవాళ్లు. బాడుగ లేదు, రాత లేదు. ఇచ్చినాయన పోతాడు, పుచ్చుకున్నాయన పోతాడు, పిల్లల కాలానికి ఎవరి ఇల్లో తేల్చడానికి సిరుగుప్ప కోర్టు మెట్లెక్కాలి. బంధువుకు ఊరికే ఇచ్చినా సరే, 'ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చాం' అని రెండు ముక్కలు రాయించుకోవడం మంచిది. కాస్త మొహమాటమే, తప్పదు.

ఇక పదకొండు నెలల ముచ్చట. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా పుట్టిందే పదకొండు నెలల అలవాటు. గడువు దాటాక ఇద్దరూ మాట్లాడకుండా బాడుగ ఇచ్చి పుచ్చుకుంటూ పోతే అది నెలసరి బాడుగగా సాగుతుంది. అప్పుడు ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. 1999 కర్ణాటక బాడుగ చట్టం దాని షెడ్యూలులో చేర్చిన ప్రాంతాలకే వర్తిస్తుంది. పల్లెలో నడిచేది ఎక్కువగా ఈ 1882 నాటి చట్టమే.

మన సరిహద్దు ఊర్లలో దీనికి ఇంకో తిరకాసు ఉంది. కరారు కన్నడలో టైపు అవుతుంది, సంతకం తెలుగులో పడుతుంది. మధ్యలో ఏం రాశారో చాలామందికి తెలియదు. బాండు పేపరు అమ్మేచోట ఉన్న పాత నమూనాలో పేర్లు మార్చి చేతికిస్తారు. బెంగళూరు ఇంటికి రాసిన పది నెలల అడ్వాన్సు షరతు దేశనూరు పోర్షన్‌కు అంటుకుని వచ్చినా అడిగేవాడుండడు. ఇద్దరూ తెలుగు చదివేవాళ్లయితే తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది. కానీ రేపు ఠాణాకో కోర్టుకో పోవాల్సి వస్తే కన్నడ కాగితమే వీలు. కాబట్టి కన్నడలోనే రాయించి, సంతకానికి ముందు గట్టిగా చదివించుకోవాలి. 'తెలుగులో చదివి వినిపించగా అర్థమైంది' అన్న వాక్యం కూడా చేర్పించాలి. బాడుగ ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, ఏడాదికి ఎంత పెంపు, సున్నం ఖర్చు ఎవరిది, నీళ్ల మోటారు కరెంటు ఎవరిది... తగవులన్నీ ఈ చిన్న చిన్న వాటి దగ్గరే మొదలవుతాయి.

అన్నిటికన్నా ప్రమాదం భోగ్యంలో ఉంది. రెండు లక్షలు ఒకేసారి పుచ్చుకుని, బాడుగ లేకుండా మూడేళ్లకు ఇల్లు ఇవ్వడం. ఇంటాయనకు ఇది వడ్డీ లేని అప్పులా కనిపిస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు నాలుగు వేలు కట్టాలి, ఇక్కడ పోయేది రెండున్నర వేల బాడుగే కదా అని లెక్క. ఆ లెక్క తప్పు కాదు. తప్పంతా మూడేళ్ల తర్వాత ఉంది. డబ్బు బోరుకో పెళ్లికో పోయి ఉంటుంది. ఇల్లు ఖాళీ కావాలంటే రెండు లక్షలూ ఒక్కసారే లెక్కపెట్టాలి. లేకపోతే ఇంకొకరిని వెతికి, వాళ్ల డబ్బుతో వీళ్లను పంపాలి. ఇలా చేతులు మారిన ఇంట్లో యజమాని మళ్లీ కాలుపెట్టేదెప్పుడు? అవసరం లేకపోయినా పెద్ద మొత్తం కదా అని భోగ్యానికి ఇచ్చేవాళ్లకు మరీ నష్టం. రెండు లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేసుకున్నా నెలకు వచ్చేది 1,166 రూపాయలే.

భోగ్యం పత్రాన్ని వంద రూపాయల బాండు మీద రాసి జేబులో పెట్టుకుంటే సరిపోదు. రాతను బట్టి అది లీజా, స్వాధీన తనఖానా అన్నది కోర్టు చూస్తుంది. తనఖా అని తేలితే, వంద రూపాయలు, ఆపైన దేనికైనా రిజిస్ట్రేషను, ఇద్దరు సాక్షులు ఉండాలి. పైగా 20 వేలు, ఆపైన సొమ్మును డిపాజిట్‌గా చేతికి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ సేద్యపు రాబడే ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేనప్పుడు మినహాయింపు ఉంది. మిగతావాళ్లు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. అది మళ్లీ రుజువుగా కూడా పనికొస్తుంది.

కొత్తగా పోర్షన్లు కట్టి బాడుగల మీద బతుకుదామనుకునే వాళ్లు ముందు నేల సంగతి చూసుకోవాలి. పొలంలో వేసిన సైటయితే జిల్లాధికారి ఉత్తర్వుతో భూ పరివర్తన అయిందా? పంచాయతీ ఈ-స్వత్తులో ఫారం 9, ఫారం 11 అమ్మేవారి పేరు మీదే వస్తున్నాయా? ఈసీలో పాత అప్పులున్నాయా? ఈ మూడూ చూడకుండా చవక అని కొన్న సైటు మీద బ్యాంకు అప్పు కూడా పుట్టదు.

తర్వాత రాబడి. ఎనిమిది లక్షలు పెట్టి రెండు పోర్షన్లు కడితే, ఒక్కోదానికి రెండున్నర వేల చొప్పున ఏడాదికి 60 వేలు వస్తుందని వేలు మడిచి చెబుతారు. పన్నెండు నెలలూ నిండే ఇల్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి? కాలువకు నీళ్లుంటే వరి, వరి ఉంటే మిల్లుకు పని, పని ఉంటేనే బాడుగ. చెరకు గానుగ ఆడే నెలలు వేరు, ఆడని నెలలు వేరు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కాలువ కింది రైతుకు ఎంత గుబులో, ఆ రైతు పంటను నమ్ముకున్న ప్రతివాడికీ అంతే గుబులు. కాబట్టి పది నెలలకే లెక్క వేసుకోవాలి. 50 వేలలో ఇంటి కందాయం, మరమ్మతులు పోను మిగిలేది పెట్టుబడి మీద ఆరు శాతం లోపే. చేతిలో డబ్బుతో కట్టుకునేవారికి అది ఫరవాలేదు. నూటికి రెండు వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి తెచ్చి కట్టడం మాత్రం చేజేతులా మునగడమే. పన్ను పరిధిలో ఉన్నవారికి ఒక ఊరట ఉంది. కట్టిన కందాయం తీసేశాక మిగిలిన బాడుగలో 30 శాతానికి మినహాయింపు దొరుకుతుంది. రసీదులు దాచుకోవాలి.

బాడుగకు వచ్చినవారిని 'మీరేమిట్లు?' అని అడగడం మన దగ్గర మొదటి ప్రశ్న. ఏం పని చేస్తారు, ఇంతకుముందు ఎక్కడున్నారు, ఎందుకు ఖాళీ చేశారు అన్నవి తర్వాత గుర్తొస్తాయి, ఒక్కోసారి గుర్తే రావు. బాడుగ వసూలు కావడానికి పనికొచ్చేవి ఈ రెండో రకం ప్రశ్నలే. అలాగే, బాడుగ ఆగిందని కరెంటు పీకడం, తాళం మీద తాళం వేయడం యజమానికి ఎదురుతిరుగుతాయి. చట్టం దారిలో కాకుండా వెళ్లగొడితే, బాడుగదారు ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి ఇంటిని తిరిగి స్వాధీనం చేయమని అడగొచ్చు. అసలు బాకీ పక్కకు పోయి, తప్పు మొత్తం ఇంటాయన మీదకొస్తుంది. రెండు నెలలు ఆగగానే నోటీసు ఇవ్వడం మేలు. ఆరు నెలలు ఊరుకుని ఏడో నెల కొట్లాటకు దిగితే ఎవరికీ లాభం లేదు.

కరెంటు సంగతి ఒకటుంది. 2023లో వచ్చిన గృహజ్యోతి కింద బాడుగదారు కూడా తన ఆధార్‌ను ఆ మీటరు ఆర్‌ఆర్ నంబరుకు జోడించుకుని ఉచిత కరెంటు పొందొచ్చు. ఖాళీ చేసి పోయేటప్పుడు ఆ లింకు తీయించకపోతే ఆ పాత మనిషి ఆధార్ మీటరుకే ఉండిపోతుంది. కొత్తగా దిగినవారికి పథకం అందడం కష్టమవుతుంది, ఆ మనిషికీ కొత్త ఇంట్లో ఇబ్బందే. అందుకే అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజున, తాళంచెవి పుచ్చుకునే ముందు, జెస్కాం బిల్లు బాకీతో పాటు ఆధార్ లింకు తీశారా లేదా చూసుకోవాలి.