కుంటే కుక్కను చూసీ చూడనట్టు వదలొద్దు

ఎద్దు ఒక్క పూట కుంటితే ఇల్లంతా కంగారు పడతాం. అదే చేను కాచే చిన్న కుక్క మూడు కాళ్ల మీద గెంతుతుంటే, 'రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుందిలే' అనేస్తాం. సర్దుకునేవి ఉంటాయి, కాదనం. ఏది సర్దుకుంటుందో, ఏది సర్దుకోదో చూడకుండా ఆ మాట అనడమే తప్పు. వేరుశనగ చేలో పంది అలికిడికి మనకంటే ముందు లేచేది ఆ కుక్కే కదా!

ముందు నడక చూడండి. కాలు కొంచెం మోపి నడుస్తుంటే చాలావరకు బెణుకో, ముల్లో అయి ఉంటుంది. అరికాలి మెత్తలు, వేళ్ల సందులు వెతకండి. తుమ్మముల్లు, పల్లేరుకాయ, సీసా పెంకు అక్కడే దాక్కుంటాయి. పందుల కోసం పెట్టిన ఉచ్చు తీగ కాలికి బిగుసుకుని వెంట్రుకల్లో కనపడకుండా పోతుంది. పిల్లలు సరదాకి వేసిన రబ్బరు బ్యాండూ అంతే. కాలు ఒకచోట నుంచి కిందికి వాచిందంటే ఇలాంటిదేదో ఉందేమో వెతకాలి.

కాలు అసలు మోపకపోయినా, వంకర తిరిగినా, వేలాడుతున్నా విరిగిందనో కీలు తప్పిందనో అనుకోవాలి. పొమేరియన్ లాంటి చిన్నజాతి కుక్కలకు మంచం మీంచి దూకినా ముంగాలి ఎముక విరగవచ్చు. వట్టి అన్నమో, వట్టి మాంసమో తిని పెరిగిన పిల్లలకు సున్నం చాలక ఎముకలు మరీ బలహీనమవుతాయి. నాలుగడుగులు వెనక కాలెత్తి గెంతి, మళ్లీ మామూలుగా నడిస్తే అది మోకాలి చిప్ప జారడం కావచ్చు.

ఒక్క సంగతి మాత్రం మరవొద్దు. దెబ్బ గుర్తే లేకుండా వెనక కాళ్లు పడిపోయి, చొంగ కారుతూ, మింగలేకపోతుంటే చేత్తో తాకొద్దు. పిచ్చికుక్క జబ్బు కావచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచి డాక్టరుకు కబురు చేయండి.

నొప్పితో ఉన్న కుక్క పెంచినవాణ్ణీ కరుస్తుంది. పట్టుకునేముందు మెత్తటి గుడ్డతో మూతి కట్టాలి. రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా కట్టకూడదు. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు వదలకుండా అదిమిపెట్టండి. గంపలో గోనెసంచి పరిచి పడుకోబెట్టి తీసుకెళ్లండి. నడుముకు దెబ్బ తగిలిందనిపిస్తే చెక్క మీదే మోయాలి.

ఇక మనవాళ్లు చేసే సొంత వైద్యం. మన ఒంటినొప్పులకు వాడే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ మాత్రలు కుక్క కడుపును పుండు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కాలేయాన్ని చెడగొడుతుంది. సగం మాత్రే కదా అనొద్దు, చిన్న కుక్కకు అదీ ఎక్కువే. పుండు మీద పురుగుమందు పొడి చల్లితే అది నాకి చస్తుంది. వెదురు బద్దలు కట్టడం కూడా వద్దనే చెబుతాం. పుత్తూరు కట్టు పేరు ఎరగనివారు లేరు గానీ, మనిషికి 'కదపొద్దు' అంటే అర్థమవుతుంది, కుక్కకు అర్థం కాదు. కట్టు బిగుసుకుంటే రక్తం ఆడక పాదం కుళ్లిపోతుంది. డాక్టరు కట్టిన కట్టయినా పూటపూటా వేళ్లు చూడాలి. వాచినా, చల్లబడినా, వాసన వచ్చినా ఆగకుండా తీసుకెళ్లాలి. కట్టు తడవనీయొద్దు, కుక్కను తిరగనీయొద్దు. కూనలకు నెలలోపే ఎముక అతకవచ్చు. పెద్ద కుక్కకు రెండు నెలలైనా పట్టవచ్చు.

అన్ని పశువైద్యశాలల్లోనూ ఎక్స్‌రే ఉండదు. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో పశువైద్య కళాశాలలున్నాయి. అంత దూరం కూలి మానుకుని కుక్కను మోసుకెళ్లే సన్నకారు రైతు ఎంతమంది? డివిజనుకు ఒక ఎక్స్‌రే యంత్రం పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. మేకకూ, దూడకూ కూడా అదే పనికొస్తుంది. ఈలోగా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసి, కుక్కను చూస్తారా అని అడగండి. లేదంటే మండల పశువైద్యశాలలో పొద్దున్నే చూపించండి.