గాలికుంటు వస్తే దాచిపెట్టకండి

మిరపకోతల టైంలో పశువుల మీద పోస్టేంది అనుకోకండి. మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన, "టీకా వేయించినా గాలికుంటు వచ్చింది, ఈసారి వాళ్లొస్తే సావిడి దగ్గరికి కూడా రానియ్యను" అన్నాడు. పక్కన నలుగురూ తలూపారు. నేనేమీ అనలేకపోయా. నాలుగేళ్ల కింద ఆ మాట నేనూ అన్నా మరి.

అప్పుడు మాకు రెండు గేదెలు, మూడు నెలల పెయ్యదూడ ఒకటి. పాలగేదెకి నేనే టీకా వద్దన్నా. సూడితో ఉందని ఒకసారి, ఈనాక పాలు తగ్గుతాయని ఇంకోసారి. రెండో గేదెకి వేయించా. నెలన్నర తిరక్కుండానే పాలగేదె చొంగ కార్చడం మొదలెట్టింది. నాలిక మీద పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు. పాలకేంద్రంలో తెలిస్తే పాలు పట్టరేమోనని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలా. ఐదో రోజు పొద్దున దూడ తల్లి పొదుగు దగ్గరే కూలబడి చచ్చిపోయింది. దూడల్లో ఈ వైరస్ గుండెకి తగులుతుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. తల్లికి ముందే టీకా పడుంటే జున్నుపాల ద్వారా దూడకి కొంత రక్షణ వచ్చేదంట. ఈలోపు మా గేదె మూతి పెట్టిన తొట్లోనే వీధిలో పశువులన్నీ నీళ్లు తాగాయి. టీకా వేసిన రెండోదానికీ కొద్దిగా వచ్చింది. నేను తిట్టింది టీకాని.

మిర్చి రైతుకి వైరస్ అంటే ఏందో విడమర్చి చెప్పక్కర్లేదు. జెమినీ వచ్చిన మొక్కకి మందు లేదు, తెల్లదోమని ఆపుకోవాలంతే. గాలికుంటు కూడా వైరస్సే. మనం పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగేది, బోరోగ్లిజరిన్ పూసేది పుండు మానడానికి. వైరస్‌ని అవేమీ చెయ్యవు. జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అనే ఇద్దరు 1898లోనే దీని సంగతి తేల్చారు. బాక్టీరియాని ఆపేసే వడపోతలో నుంచి కూడా ఇది దాటిపోయి పశువుకి జబ్బు తెచ్చింది. పశువుల జబ్బుల్లో వైరస్ అని మొట్టమొదట తెలిసింది ఇదే.

మరి ఇన్నేళ్లయినా ఎందుకు పోలేదు? మన పెద్దోళ్లు ముసర రోగం గురించి చెప్పేవాళ్లు, సావిళ్లకి సావిళ్లు ఖాళీ అయ్యేవని. అది 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. టీకాలతోనే పోయింది. ముసర వైరస్ ఒకటే రకం, టీకా ఒకసారి సరిగ్గా పడితే పశువుకి జీవితాంతం సరిపోయేది. గాలికుంటులో ఏడు రకాలున్నాయి. ఒక రకం టీకా ఇంకో రకాన్ని ఆపదు. మన దగ్గర తిరిగేవి ఓ, ఏ, ఆసియా-1. సర్కారు టీకాలో ఈ మూడూ ఉంటాయి. దాని బలం ఆరు నెలలే, అందుకే ఏడాదికి రెండుసార్లు వస్తారు. నాలుగు నెలలు నిండిన దూడకి మొదటిసారి వేసినాక నెలకి మళ్లీ వేయించాలి. ఇది మనలో చాలామంది మర్చిపోతారు.

టీకాలో ఉండేది చచ్చిన వైరస్, దాని వల్ల జబ్బు రాదు. కానీ ఆ వైరస్ ఎక్కడిది? ఏదో ఊళ్లో జబ్బు పడ్డ పశువు నుంచి తీసిందే. చాలా ఏళ్లు మన టీకాలో వాడిన ఓ రకం 1975లో తీసింది. ఏ రకంలో ముందు 1982 నాటిది వాడారు. బయట తిరిగే వైరస్ మారిపోయి అది సరిపోకపోతే 2000లో తీసినదాన్ని పెట్టారు. బీటీ పత్తిని గులాబీ పురుగు ఎట్లా దాటిపోయిందో చూశాం కదా, ఇదీ ఆ కథే. భువనేశ్వర్ దగ్గర గాలికుంటు మీదే పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. కొత్తగా వచ్చిన జబ్బు పొక్కు పొరని పరీక్ష చేసి, టీకాలోని వైరస్ దానికి సరిపోతుందా లేదా అని చూస్తారు. ఆ పొర వాళ్లకి చేరాలంటే ముందు మనం నోరు తెరవాలి. నేను నాలుగు రోజులు దాచిపెట్టి దూడని పోగొట్టుకోవడమే కాదు, ఆ పొక్కు పొర కూడా ఎవరికీ అందకుండా చేశా. టీకా పనిచెయ్యట్లేదని టీ కొట్టు దగ్గర చెప్తే ఏ లాభం? పశువుల ఆసుపత్రిలో మొదటి రోజే చెప్పి, శాంపిల్ తీయమని అడగండి.

ఒంగోలు గిత్తలు ఇక్కడి నుంచి బ్రెజిల్ పోయి అక్కడ నెలోర్ జాతి అయ్యాయి. మందలన్నిటికీ దశాబ్దాల పాటు టీకాలు వేసి, 2025 మే నెలలో ఆ దేశం, టీకా కూడా అక్కర్లేని గాలికుంటు రహిత దేశం అని ప్రపంచ సంస్థ దగ్గర గుర్తింపు తెచ్చుకుంది. పుట్టింట్లో ఒంగోలు గిత్త ఇంకా కుంటతానే ఉంది. నాకైతే సిగ్గేసింది.

టీకా వాళ్లు చేసేదంతా కరెక్టే అని నేననను. మండుటెండలో ఐస్ కరిగిపోయిన పెట్టెతో ఒకసారి మా ఊరొచ్చారు. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వేడెక్కినా చెడిపోద్ది, గడ్డకట్టినా చెడిపోద్ది. పెట్టె తెరిచి చూపించమనండి, అడగడం మన హక్కు. నిండు సూడి గేదెలుంటే ముందే చెప్పండి. వీధిలో ఒక్క సావిడి కూడా వదలకుండా వేయించండి. చెవి పోగు నంబరు, టీకా తేదీ రాసి పెట్టుకోండి. జబ్బు వచ్చిన సావిడి కడగటానికి పది లీటర్ల నీళ్లకి 400 గ్రాముల వాషింగ్ సోడా కలపండి. ఆ పశువుని సంతకి తోలకండి, ఊరి తొట్టి దగ్గరికి వదలకండి.

మీ ఊళ్లో టీకా వేసినాక కూడా వచ్చుంటే, ఎన్ని రోజులకి వచ్చిందో, ఎన్నిటికి వచ్చిందో, శాంపిల్ తీశారో లేదో కింద రాయండి. అన్నీ ఒక కాగితం మీద రాసి మా మండలం పశువైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్తా.