మన పిల్ల లండన్ నుంచి రాసింది

జర్నలిజం చదివిన మన పేట పిల్ల ఒకామె లండన్ నుంచి మాకు ఉత్తరం రాసింది. తండ్రిది తాపీ పని. తల్లి మిరపకోతలకు పోతుంది. హైదరాబాదులో పీజీ చేసి ఒక పెద్ద పత్రికలో డెస్కు మీద రెండేళ్లు కూర్చుంది. తన ఊళ్లోనే మాదిగల శ్మశానం దారికి ముళ్లకంప కొట్టి, శవాన్ని ఆపి, నలుగురి తలలు పగలగొడితే ఆ వార్త తనే రాసిచ్చింది. తెల్లారి అచ్చయింది ఏమిటి? 'ఇరువర్గాల ఘర్షణ'. మూడే మూడు లైన్లు! కొట్టినోడూ లేడు, దెబ్బలు తిన్నోడూ లేడు. ఆ తర్వాతే ఆమె విదేశీ చదువుకు దరఖాస్తు పెట్టింది.

ఇందులో వింతేముంది? 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్కతీస్తే వార్తాసంస్థల్లో 121 పెద్ద కుర్చీలకు 106 అగ్రకులాల కిందే తేలాయి. దళితులు, ఆదివాసీలు సున్న.

విదేశీ చదువు మనకు కొత్త కాదు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద అంబేద్కర్ కొలంబియాకు పోయారు. 1916లో అక్కడి క్లాసులోనే భారతదేశంలో కులాల మీద వ్యాసం చదివారు. 1917లో తిరిగొచ్చి బరోడా కొలువులో చేరితే తలదాచుకోను చోటు లేదు. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అంత చదివీ! 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పెట్టారు. కొల్హాపూర్ సాహూ మహారాజు 2,500 రూపాయలు ఇచ్చారు. మనదానిలాగే అదీ పక్షపత్రికే. డబ్బిస్తామన్నా దాని ప్రకటన 'కేసరి' వెయ్యలేదు.

ఇక 2022లో కేంద్రం ఏం చేసింది? ఎస్సీ విద్యార్థులకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌ను భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద చదివేవాళ్లకు ఇవ్వమని నిబంధన పెట్టింది. ఆ లెక్కన 1916 నాటి ఆ వ్యాసానికి పైసా రాదు. పరాయి దేశం పోయి ఏమైనా చదువుకోండి, కులం సంగతి మాత్రం ఎత్తకండి! ఇదేగదా దాని అర్థం? మన పిల్ల మీడియా చదువని రాసింది గనుక గట్టెక్కింది. ఈ నిబంధన తీసెయ్యాలని ప్రతి సంఘం మీటింగులోనూ తీర్మానం చేసి ఢిల్లీకి పంపండి.

"ఇక్కడ ఈ మాట ఎవరన్నారు, దెబ్బలు తిన్నవాళ్లను అడిగావా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఏ కులమని మాత్రం ఎవరూ అడగలేదు, ఇంటిపేరు ఆరా తీసిన మన తెలుగోళ్లు తప్ప" అని రాసిందామె. చదువు అయిపోవచ్చింది. "అన్నా, వస్తే ఎక్కడ రాయాలి?" అని అడిగింది.

ఉద్యమం పిలుస్తోంది, వచ్చెయ్ తల్లీ అని రాయటానికి మాకు చెయ్యి రాలేదు. మా దగ్గర జీతం లేదు. చందాలందితే కాగితం ఖర్చు గడుస్తుంది, లేకుంటే అప్పే. అక్కడ పని దొరికితే చెయ్యమ్మా, ఇంటి అప్పు తీర్చమని రాశాం. త్యాగాలు ఎప్పుడూ మన పిల్లలే చెయ్యాలా? ఒక్కటి మాత్రం అడిగాం. ఆ మూడు లైన్ల వెనకున్న సంగతంతా రాసి పంపమన్నాం. పంపింది. కొట్టినోళ్ల పేర్లతో సహా మూడో పేజీలో ఉంది. చదవటం రానోళ్లకు పేటలో ఎవరైనా గొంతెత్తి వినిపించండి.